అల్లుడుగారి గది

ఇంకా నలభై నిమిషాలంటోంది. ఇందాక అడిగినప్పుడూ నలభై నిమిషాలే అంది, మరి మధ్యలో గడిచిన కాలమంతా ఎవరి ఖాతాలో పడిందో దీన్నే అడగాలి. తెర మీద ముప్పై రెండు చిన్న గళ్ళు పైనుంచి కిందికి దిగుతున్నాయి, బొమ్మలో పైకప్పు అయిపోయింది, దూలాలు అయిపోయాయి, పుస్తకాల బీరువాల పై అరలు అయిపోయాయి, ఇక బల్లలు రావాలి, బల్లల కింద నేల రావాలి, నేల మీద సాయంత్రం ఎండ రావాలి. పక్కగదిలో అక్క బ్యాగు సర్దుతోంది. జిప్పు లాగింది, మళ్ళీ తీసింది, మళ్ళీ లాగింది, అంటే కళ్ళద్దాల పెట్టె లోపల పెట్టానా లేదా అని చేత్తో తడిమి చూసుకుంటోందన్నమాట. అయిదింటికి కారొస్తుంది, ఆరులోపు ఆసుపత్రిలో చేరాలి, రేపు పొద్దున ఆపరేషన్. ఎడమకన్ను పోయిన ఏడాదే చీకటైపోయింది. రేపటిది మిగిలిన కుడికంటికి. చూపు నిలవొచ్చు, నిలవకపోనూవచ్చు అన్నాడు డాక్టరు, నా మొహం చూడకుండా కాగితాల వైపు చూస్తూ. అక్క ఏడవలేదు, బెంగపడినట్టు కూడా కనబడలేదు, ఇంటికొచ్చాక ఒక్కటే అడిగింది, వెళ్ళేలోపు ఆ బొమ్మ నిండుగా ఒక్కసారి చూపించవే అని. అందుకే నేనిక్కడ కూర్చుని ఒక యంత్రాన్ని బతిమాలుకుంటున్నాను.

అది నా కాలి పక్కన హోరుమంటోంది. పోయిన నెల దీన్ని కొనడానికి వెళ్ళినప్పుడు కొట్టతన్ని అడిగాను, ఇది డెస్క్‌టాపా, వర్క్‌స్టేషనా అని. అతను బుర్ర గోక్కుని, "ఏమో మేడమ్, ఇప్పుడా తేడా ఎవరు చూస్తున్నారు, బిల్లు మీద ఏది రాయమంటే అది రాసిస్తా" అన్నాడు. పదహారు కోర్లు, అంటే పదహారు బుర్రలు, ఒక్కో బుర్రా ఒకేసారి రెండు పనులు పట్టుకుంటుంది, గళ్ళు ముప్పై రెండు అందుకే. నా వెనక నిలబడ్డ కాలేజీ అమ్మాయి కూడా ఇదే తీసుకుంది. దేనికమ్మా అంటే కార్ల రేసు ఆడుకోడానికి ఆంటీ అంది. నాకు నవ్వొచ్చింది, అట్టపెట్టెని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికొచ్చేశాను. పెద్దాయన ఈ మాట విని ఉంటే ఆ కొట్టులోనే కూలబడిపోయేవాడు.

పెద్దాయనంటే మా పాత ఆఫీసు యజమాని. ఇంకా కట్టని ఇళ్ళకి, పునాది కూడా పడని భవనాలకి ముందుగానే ఫొటోల్లాంటి బొమ్మలు చేసిపెట్టే ఆఫీసు మాది. ఆర్కిటెక్టులు గీతలు తెచ్చిచ్చేవాళ్ళు, నేను వాటికి గోడలు లేపేదాన్ని, అక్క ఆ గోడల మీద వెలుగు పరిచేది. మా అందరి బల్లల మీదా డెస్క్‌టాపులే, అదీ ఒంటిబుర్ర రకం, బొమ్మ లెక్కకట్టమని చెప్పామంటే మౌసు కూడా కదిలేది కాదు. హాలు చివర గాజు గదిలో మాత్రం ఒక వర్క్‌స్టేషన్ ఉండేది. రెండు ప్రాసెసర్లు దానికి, లెక్కలో పొరపాటు దొర్లితే తనే పట్టుకుని దిద్దుకునే మెమరీ దానికి, ఆఫీసు మొత్తానికి ఉన్న ఒక్క ఏసీ కూడా దానికే. మేం చెమటలు కక్కుతూ పనిచేస్తుంటే అది చల్లగా కూర్చునేది. చెప్పులు బయట విప్పాలి, తలుపు గట్టిగా వెయ్యకూడదు, దాని పక్కన టీ తాగకూడదు, దాని మీద చెయ్యి వేసి మాట్లాడకూడదు. చేరిన రెండో రోజే అక్క దానికి పేరు పెట్టేసింది, అల్లుడుగారు. అల్లుడుగారు లేచారా, అల్లుడుగారికి ఇవాళ ఒంట్లో బాగోలేదా, అల్లుడుగారు అలిగారు ఎవరైనా వెళ్ళి బుజ్జగించండి. పెద్దాయన మొదట్లో విసుక్కున్నాడు గానీ ఒకరోజు తనే ఫోన్లో ఎవరితోనో, మా అల్లుడుగారు ఖాళీగా లేరండీ రేపు రండి, అనేశాడు. పెళ్ళెప్పుడు చేశారండీ, మాకు చెప్పనేలేదు అని అటువైపు నిష్ఠూరం. ఆ రోజు మేం నవ్విన నవ్వు ఇప్పటికీ నా పక్కటెముకల్లో ఉంది.

డెస్క్‌టాపంటే ఉత్తరాలు రాసుకోడానికి, వర్క్‌స్టేషనంటే పని చెయ్యడానికి, రెంటికీ మధ్య గోడుంది, గాజుదైనా గోడ గోడే అనేవాడు పెద్దాయన. ఆ మాటకి ఎదురు చెప్పింది ఒక్క నిదానమే. నిదానమంటే మా ఆఫీసులో యంత్రాలన్నీ చూసుకునే మనిషి, మాటా నిదానమే, నడకా నిదానమే, అడిగిన దానికి జవాబు వచ్చేలోపు మనం అడిగింది మర్చిపోతాం, అందుకే ఆ పేరు. తర్వాత అక్కని పెళ్ళి చేసుకుని నాకు బావయ్యాడు గానీ పేరు వదల్లేదు, నిదానం బావ. "చూస్తూ ఉండండి, ఒకరోజు అల్లుడుగారు ఆ గది ఖాళీ చేసేసి మన బల్లల కిందికే వచ్చి కూర్చుంటారు, ఇంటి మనిషైపోతారు," అనేవాడు, స్క్రూ డ్రైవరుతో చెవి వెనక గోక్కుంటూ. ఎన్నో చేతులు పెట్టుకుని వస్తారు, అప్పుడు మనం ఆయన ముందు చెప్పులు విప్పక్కర్లేదు, అని కూడా అనేవాడు. అన్నీ జరిగాయి బావా. చూస్తూ ఉండండి అన్నవాడే చూడలేదు. జ్వరమని పడుకున్నాడు, వారం తిరక్కుండానే ఇల్లంతా ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. అన్ని పనులూ అంత నెమ్మదిగా చేసే మనిషి, ఆ ఒక్క పని అంత తొందరగా ఎలా చేశాడా అని నాకిప్పటికీ కోపం.

బీరువాల కింది అరలు వస్తున్నాయి. ముప్పై అయిదు నిమిషాలంటోంది. సరే. ఆ రోజుల్లో మేం ఇలా ఎదురుచూసేటప్పుడు ఒక్కళ్ళం ఉండేవాళ్ళం కాదు. గాజు గది కిటికీ గట్టు మీద కప్పులుండేవి. అల్లుడుగారితో ఎవరికి పనుంటే వాళ్ళు తమ టీకప్పు తెచ్చి ఆ గట్టు మీద వరసలో పెట్టాలి, ముందు కప్పు వాళ్ళది అయిపోతే తర్వాతి కప్పు వాళ్ళు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో తెలీదు, ఎక్కడా రాసి లేదు, కానీ ఇంకొకరి కప్పు జరిపినవాళ్ళతో ఆఫీసంతా మాట్లాడడం మానేసేది. అక్కది పిడి విరిగిన తెల్ల కప్పు, నాది పువ్వులది, బొమ్మల్లో చెట్లు పెట్టే ఆవిడది పెద్ద గిన్నెంత కప్పు, ఆవిడ పెట్టే చెట్లు కూడా అలాగే ఉండేవి, ఇల్లు కనబడేది కాదు. నిదానం కప్పు ఎప్పుడూ చివర్లోనే. ఎవరైనా తొందరలో ఉన్నాననగానే తన కప్పు తీసి వెనక్కి పెట్టుకునేవాడు. అలా వరసలో ఉన్నవాళ్ళం టీ కోసం కప్పులు లేక ఒకరి కప్పులో ఒకరం తాగేవాళ్ళం, ఆ గట్టు దగ్గరే నిలబడి గాజులోంచి రెండంటే రెండు గళ్ళు పాకుతూ పోతుంటే చూసేవాళ్ళం, పెళ్ళిళ్ళు, దెబ్బలాటలు, జీతాల మీద సణుగుళ్ళు అన్నీ అక్కడే. నేను ఆ గట్టు దగ్గర నేర్చుకున్నంత పని నా బల్ల దగ్గర నేర్చుకోలేదు. ఇప్పుడు వరసా లేదు, కప్పూ లేదు. ముప్పై రెండు చేతులున్న యంత్రం ముందు నేనొక్కదాన్నే కూర్చుని నా కప్పులో నేనే తాగుతున్నాను. నాకు ఆ గట్టు కావాలి, నిజంగా కావాలి, ఆ వేడీ, ఆ వెయిటింగూ, ఆ మనుషులూ.

"ఏమే, దానికి గాలాడుతోందా?"

గుమ్మంలో అక్క. ఒక చేత్తో తలుపు చెక్క పట్టుకుని, మొహం కొంచెం పక్కకి తిప్పి నిలబడింది, మిగిలిన చూపు ఆ మూల నుంచే పనిచేస్తుంది మరి. ఆడుతోందిలే అన్నాను. ఆడట్లేదు, హోరు మారింది అంటూ గోడ పట్టుకుని వెళ్ళి తన గదిలోంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చింది, వైరు ఈడ్చుకుంటూ. పెట్టె పక్క తలుపు ఊడదీసి ఫ్యాను దాని మొహాన పెట్టాను. హోరు తగ్గింది, గళ్ళు కాస్త చురుగ్గా కదిలాయి. "అల్లుడు అల్లుడే," అంది అక్క, "ఇంటి మనిషయ్యాక కూడా విసనకర్ర తప్పలేదు." నేను నవ్వి, ఈసారి ఎక్కడా అతుకుండదక్కా, మొత్తం బొమ్మ ఇదొక్కటే చేసేస్తోంది, అన్నాను కొంచెం గొప్పగా. అక్క ఊఁ అంది. అంతే. వెళ్ళిపోయింది. ఆ ఊఁ నాకు బాగోలేదు, ఎందుకు బాగోలేదో ఆలోచించే లోపల మూల ఒక గడి దగ్గర పుస్తకాల రంగు తేలితే అటు చూశాను.

నిన్న చిన్న నమూనా తీసి చూపిస్తే, అక్క తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసి చూసి, ఇది పొద్దుటి ఎండే, మనం పెట్టింది సాయంత్రం ఎండ, అంది. లేదక్కా అని వాదించబోయి వెతికితే నిజమే. పాత ఫైలు కొత్త ప్రోగ్రాములో తెరుచుకునేటప్పుడు దిక్కులు తారుమారై సూర్యుడు అవతలి కిటికీలోకి పోయాడు. బల్లల కాళ్ళు లెక్కపెట్టలేని మనిషికి ఎండ ఏ పూటదో తెలిసింది. సరిచేసేసరికి ఇవాళ మధ్యాహ్నమైంది, ఆలస్యమంతా అందుకే. ఈ ఫైలు బావ పాత డిస్కులో దొరికింది, చెక్కలన్నీ రంగు పోయి బూడిదలా తెరుచుకుంటే అక్క పక్కన కూర్చుని, బీరువాలది ముదురు, బల్లలది తేనెరంగు, కుర్చీలది బల్లల కంటే ఒక్క పిసరు ఎరుపు అని నోటితో చెప్పింది. ఆ గది ఎక్కడా లేదు. ఎవరూ కట్టలేదు. కానీ అక్క మాత్రం అందులో కొన్నాళ్ళు కాపురమున్నదానిలా చెబుతుంది.

అప్పట్లో ఒక ఊరి లైబ్రరీ కోసం పెట్టిన పోటీకి చేసిన బొమ్మ ఇది. సోమవారం పొద్దున బొమ్మ ఇవ్వాలి. శనివారం సాయంత్రం అల్లుడుగారు రెండు గళ్ళతో పాకుతూ పాకుతూ బల్లల దాకా వచ్చారు, అంతలో పెద్దాయన చెప్పులు విప్పకుండానే గాజు గదిలోకి వచ్చాడు. పెద్ద పార్టీ ఒకటొచ్చింది, వాళ్ళ పని ఇప్పుడే మొదలెట్టాలి, మీది ఆపెయ్యండి అన్నాడు. అక్క కప్పు గట్టు మీద మొదటిదే ఉంది. పద్ధతి, పద్ధతి అని నేను అరిచాను. పద్ధతీ లేదు పాడూ లేదు, జీతాలెక్కణ్ణుంచొస్తాయి అని పెద్దాయన అరిచాడు. అక్క వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది, ఎంత కడిగినా కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. అప్పుడు నిదానం వచ్చి, గోడ మీది గడియారంతో మాట్లాడుతున్నట్టు దాన్నే చూస్తూ, "కింది ముక్క నాకివ్వండి, నా డెస్క్‌టాపు మీద పెడతాను," అన్నాడు. ఉత్తరాలు రాసుకునే యంత్రం మీద! ఆదివారమంతా పెట్టె తలుపు ఊడదీసి, దాని ముందు స్టూలేసుకుని కూర్చుని, పాత పత్రికతో విసురుతూనే ఉన్నాడట, కరెంటు పోతుందేమోనని అన్నానికి కూడా లేవలేదట, వాచ్‌మన్ చెప్పాడు. ఒక్క గడి. ఒక్కటే గడి, గది నేలంతా ఒక్కటే తుడిచినట్టు.

సోమవారం రెండు ముక్కలూ కలిపితే బల్లల కాళ్ళు మొదలయ్యే చోట అడ్డంగా ఒక అతుకు. అతని యంత్రంలో ప్రోగ్రాము పాతది, వెలుగు లెక్క కొంచెం వేరు, పైన ఎండ తెల్లగా ఉంటే కింద ఎండ పసుప్పచ్చగా వచ్చింది. దిద్దే టైము లేదు. అక్క హాలు మధ్య నిలబడి ప్రింటు పైకెత్తి పట్టుకుని, "ఈ అతుకు ఎవరిది?" అంది. అందరం బిగుసుకుపోయాం. అక్క వెలుగు దగ్గర ఎవర్నీ క్షమించదు. "నాదేనండీ," అన్నాడు నిదానం, మొదటిసారి గబుక్కున. అక్క చాలాసేపు చూసింది, బొమ్మని కొంత, అతన్ని కొంత. ఉండనివ్వండి, కింద బాగుంది, అసలు పైదే సరిగ్గా రాలేదు, అంది. పోటీ పోయింది. కింద ఆ పసుపు చార ఏంటని పోటీవాళ్ళు అడిగారట. ఆ ఏడే పెళ్ళయింది. ఆ ప్రింటు అద్దం కట్టించి భోజనాల బల్ల పైన పెట్టుకున్నారు, అక్క రోజూ తడిగుడ్డతో తుడిచేది, తుడుస్తూ తుడుస్తూ చెయ్యి ఆ అతుకు దగ్గర ఒక్క క్షణం ఆగేది, బావ అన్నం కలుపుకుంటూ చూడనట్టు చూసేవాడు. ఇన్నేళ్ళ ఎండకి ఇప్పుడా ప్రింటు వెలిసిపోయింది. పైనా కిందా అంతా ఒకటే రంగు.

ఇందాక అక్క అన్న ఊఁ అంటే అదా.

బల్లలొచ్చాయి. తేనెరంగు, నిజంగా తేనెరంగే. తెర మీద గళ్ళన్నీ ఒక వరసలో నిలబడి ఉన్నాయి. నాకు పనికిమాలిన అలవాటొకటి, ఒక్కో గడికీ ఒక్కో మనిషిని అనుకుంటాను, ఆ ఎడమపక్క చురుగ్గా పోయేది నేను, బీరువా మూల ఆగిపోయింది చెట్లావిడ, మధ్యలో ఒక్క పుస్తకాన్ని పట్టుకుని కదలనిది అక్క. ఇంతమందిమీ దీని లోపలికి వచ్చేశాం, ఒక్క సిలికాను బిళ్ళలోకి, ఏసీ కూడా అడక్కుండా. ఒక గడి అన్నింటికన్నా వెనక, కింద కుడిమూల. దాన్ని నేనెవరనుకుంటానో వేరే చెప్పాలా. ముప్పై నిమిషాలంటోంది. కాదు, నలభై. కాదు. యాభై అంటోందేంటిది! నేల. నునుపు రాయి నేల, దాని మీద సాయంత్రం ఎండ పొడుగ్గా పడి, రాయి నుంచి బల్లల అడుగుకి, బల్లల అడుగు నుంచి మళ్ళీ రాయికి తుళ్ళుతోంది, ఆ తుళ్ళింతలన్నీ లెక్కకట్టాలి. పైకప్పు వేగం చూసి నేల అంచనా కట్టాను. మొన్న చేరిన పిల్ల కూడా చెయ్యదు ఈ పని. బావ ఉండి ఉంటే, నిదానంగా నవ్వి, నేల ఎప్పుడూ అంతేనమ్మా అనేవాడు.

వీధిలో హారను. అయిదు కూడా కాలేదు. కిటికీలోంచి చూస్తే డ్రైవరు పైకే చూస్తూ, "ముందే వచ్చానమ్మా, తర్వాత రోడ్లు నిండిపోతాయి, పెద్దమ్మగారికి కుదుపులవుతాయి," అని అరిచాడు. పది నిమిషాలు బాబూ అన్నాను. పది నిమిషాల్లో ఏమవుతుంది, నాలుగు గళ్ళ మందం అవుతుంది. ఇంత యంత్రం, ఇన్ని బుర్రలు, ఇన్నేళ్ళు, చివరికి మళ్ళీ బల్లల కాళ్ళ దగ్గరే, మళ్ళీ ఎవరో వచ్చి ఆపెయ్యమని. నాకు ఏడుపొచ్చింది, నేను మొహం కడుక్కోడానికి కూడా లేవలేదు.

అక్క వచ్చింది, చేతిలో బ్యాగు, కాళ్ళకి అప్పుడే చెప్పులు. నా పక్క కుర్చీ తడుముకుని కూర్చుంది. ఎందాకా వచ్చింది అంది. బల్లలయ్యాయక్కా, నేల నల్లగానే ఉంది, ఇంకా గంట పట్టేట్టుంది, నేనే తప్పు లెక్క వేశాను అన్నాను. ఫ్యాను గాలికి అక్క చెంప మీది జుట్టు ఎగురుతోంది.

"ఆయన డిస్కులో కింది ముక్క విడిగా ఉండాలి. ఉందా?"

ఉంది. వారం రోజులుగా అది నా కళ్ళ ముందే ఉంది, అక్కర్లేదని పక్కన పెట్టాను. తీశాను. ఇప్పటి తెర ముందు అది అరచేతిలో పట్టేంత. పెద్దది చేశాను, గరుకుగా సాగింది, కాళ్ళకి కాళ్ళు కలిపి, ఇంతవరకూ వచ్చిన బొమ్మ అడుగున పెట్టాను. పైన చెక్క నరాలు కూడా కనబడే గది, కింద పసుప్పచ్చటి మసక నేల, మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరికి అతుకు. పెట్టానక్కా అన్నాను, ఎక్కడో చెప్పబోతే, "చెప్పకు" అంది. మొహం దగ్గరగా పెట్టింది. పైనుంచి మొదలెట్టి మెల్లగా చూసుకుంటూ వచ్చింది, దూలాలు, బీరువాలు, కిటికీలు, ఎండ. సాయంత్రమే, అని తనలో తను అనుకుంది. బల్లల దగ్గరికొచ్చేసరికి చూడడం ఆపి కన్ను మూసుకుంది. చెయ్యి చాపి వేలు తెర మీద ఆనించి, అద్దం తుడిచేటప్పటిలాగే కిందికి జరిపింది. జరిపి ఆపింది.

"ఇక్కడేగా?"

అక్కడే. వెంట్రుక వాసి కూడా తేడా లేదు.

"ఈ అతుకు ఎవరిది?" అంది అక్క, హాలు మధ్య నిలబడ్డ అప్పటి గొంతుతో.

కింద డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు. అక్క కొంచెంసేపు ఆగింది, నిదానంగా వచ్చే జవాబుల కోసం ఆగడం ఆమెకి అలవాటే, తర్వాత వేలు తీసి బ్యాగు అందుకుని లేచింది.

మెట్ల మీద నా భుజం పట్టుకుని దిగుతూ అడిగింది, మిషను ఆపేశావా అని. లేదక్కా, నువ్వొచ్చేసరికి నేల పూర్తి చేసి ఉంచుతుంది అన్నాను. చెయ్యనీ, పాపం దాని పని అది చేసుకోనీ, నేనొచ్చి అదీ చూస్తాను, అంది. రెండు మెట్లు దిగి ఆగింది.

"కానీ మార్చకు. కింది ముక్క అదే ఉండనీ."

కారెక్కాక అక్క నా చెయ్యి వదల్లేదు. పైన మా కిటికీ తెరిచే ఉంది, లోపల ఫ్యాను దానికే తిరుగుతోంది, ముప్పై రెండు గళ్ళూ ఎవరూ అడగని నేలని ఎండతో నింపుతూ ఉండి ఉంటాయి. డ్రైవరు బండి తీస్తూ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అమ్మా, లైటు వెలుగుతోంది అన్నాడు. "మా అల్లుడుగారున్నారు బాబూ," అంది అక్క.